క్లిప్పు పెట్టిన పేజీలు

ఏజెన్సీలో కొత్తగా పోస్టింగు వచ్చిన పంతులమ్మలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, ఇక్కడ దేనికి భయపడాలి?" అని అడుగుతారు. పాములకా, మలేరియాకా, ఘాట్ రోడ్డు మలుపులకా అని. అన్నిటికీ భయపడండమ్మా, నేను సర్వీసంతా అలాగే నెట్టుకొచ్చాను అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను వేళాకోళానికి అనడం లేదు. పార్వతీపురంలో పుట్టి పెరిగినదాన్ని, బల్లి మీద పడితే వీధి చివరిదాకా వినపడేలా కేకపెట్టే మనిషిని. అయినా రిటైరయ్యాక వెనక్కి తిరిగి చూసుకుంటే, నా ప్రాణాలు అరచేతిలోకి తెచ్చింది ఒక పుస్తకం. అదెలాగో చెబుతాను. ఇంతవరకూ ఇంట్లోవాళ్లకి కూడా పూర్తిగా చెప్పలేదు.

హుకుంపేట దాటి లోపలికి వెళ్లి, బస్సు వెనక్కి తిరిగే చోటునుంచి ఇంకా నాలుగు కిలోమీటర్లు నడిస్తే వచ్చేది మా ఆశ్రమ పాఠశాల. ఆడపిల్లలకి బడీ హాస్టలూ ఒకే ఆవరణలో ఉండేవి. నేను తెలుగు చెప్పేదాన్ని. లైబ్రరీ కూడా నా నెత్తిమీదే పెట్టారు. లైబ్రరీ అంటే గదీ బల్లలూ ఊహించుకోకండి. స్టాఫ్ రూములో మూలనున్న ఇనప బీరువా, దానికి తాళంచెవి కూడా లేదు.

ఆ బీరువాలో ఎవరో దానంగా ఇచ్చిన పుస్తకాల మధ్య ఒక లావుపాటి తెలుగు అనువాదం దొరికింది. అట్ట ఊడిపోయింది, పేరున్న పేజీ చెదలు తినేసింది. ముందుమాటలో ఒకే ఒక్క పేజీ మిగిలింది. దాన్నిబట్టి తెలిసిందేమంటే, ఆ కథ మూడు వందల ఏళ్లకి పైబడినదనీ, సముద్రాలవతల ఎక్కడో ఒక ఆడమనిషి రాసిందనీ. కథలో ఒక అమ్మాయి ఇష్టంలేని పెళ్లి తప్పించుకుని, జుట్టు కత్తిరించుకుని, మగబట్టలు తొడుక్కుని ఓడెక్కుతుంది. ఓడ పగిలిపోతుంది. దొంగలు పట్టుకుంటారు. వాళ్లనుంచి తప్పించుకుని, తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ తెలియని దేశంలో కొండలెక్కి దిగుతూ పోతూనే ఉంటుంది. ఆ కాలంలో ఒక ఆడది కూచుని ఇదంతా రాసిందంటే ఎన్ని మాటలు పడి ఉంటుందో పాపం.

మా హాస్టల్లో పెద్ద బెడద ఏమిటంటే పిల్లలు చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లిపోవడం. సంత రోజు వచ్చిందంటే నలుగురైదుగురు మాయం. పైనుంచి అక్షింతలు మాకు. అందుకని నేనొక ఎత్తు వేశాను. సాయంత్రం స్టడీ అవర్లో ఒక గంట ఈ కథ చదివి, సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట టక్కున ఆపేసేదాన్ని. "మిగతాది రేపు!" అనేదాన్ని. రేపు వినాలంటే రేపు హాస్టల్లో ఉండాలి కదా. ఆ ఎత్తు పారింది. వర్షాకాలం మొదలయ్యేసరికి హాలంతా నిండిపోయేది. వంట చేసే అక్క కూడా గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి వినేది. ఆవిడది పక్క కొండమీది ఊరు, చదువు రాదు, నోరు మాత్రం పెద్దది.

పిల్లలు అడిగే ప్రశ్నలకే నా దగ్గర జవాబులుండేవి కావు. ఒకసారి వెనక వరుసలోంచి ఒకతి లేచింది. "మేడం, ఓడలో అందరూ మగోళ్లే కదా. మరి నెల వచ్చినప్పుడు ఏటి సేసినాది?"

హాలంతా కిసకిసలు. "కథల్లో అలాటివి ఉండవే, కూచో" అన్నాను.

ఇక నా దొంగపని చెప్పాలి. ఆ పుస్తకంలో ఓడ పగిలే పేజీ ఒకటైతే ఆవిడ ఒకచోట కూచుని చుట్టూ చూసే పేజీలు నాలుగుండేవి. చదువుతుంటే పిల్లలు ఆవలించేవారు. అందుకని ముందురోజే పుస్తకం తిరగేసి, ఏమీ జరగని పేజీలు కనిపిస్తే వాటన్నిటినీ కలిపి నా నల్ల జడక్లిప్పు పెట్టేసేదాన్ని. చదివేటప్పుడు క్లిప్పు దగ్గరికి రాగానే అవతలికి దూకేదాన్ని. వాటిని నేనూ చదివేదాన్ని కాదు. పైపైన కళ్లు పారించి, ఇందులో ఏమీ లేదు అని తేల్చేయడమే. తెలుగు పండితురాలిని కదా, ఏది ముఖ్యమో నాకు తెలియదా అనుకునేదాన్ని.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మా లైబ్రరీ లీడరు. గెడ్డ అవతలి ఊరు దానిది. కొండవాగుని మా వైపు గెడ్డ అంటారు. సన్నగా ఉండేది, మాట తక్కువ. పుస్తకం తెచ్చి నా చేతికివ్వడం, అయ్యాక తీసుకెళ్లి బీరువాలో పెట్టడం దాని పని.

ఆ రోజు కథలో నది వచ్చింది. వరదమీదున్న నది. తమ్ముడున్న ఊరు అవతలి ఒడ్డున ఉంది. ఆవిడ ఒడ్డుకి చేరగానే మళ్లీ పేజీలకి పేజీలు నీళ్లు చూడటం, బట్టలు ఆరేసుకోవడం. ముందురోజే క్లిప్పు పెట్టేశాను. ఒడ్డుకి చేరిన వాక్యం నుంచి నీళ్లలో దిగిన వాక్యానికి దూకాను. చదవడం ఒకటేనా, కొంగు నడుముకి దోపి, చేతులు బారచాపి హాల్లో ఆ చివరినుంచి ఈ చివరికి ఈదాను కూడా. పిల్లలు ఒకటే చప్పట్లు.

చప్పట్లు ఆగాక లైబ్రరీ లీడరు పుస్తకం తీసుకోడానికి వచ్చింది. "అంత బేగి ఎలా దిగిపోనాది మేడం? నీళ్లు సూడకండానే?"

నేనింకా ఈత ఊపులోనే ఉన్నాను. "ధైర్యం ఉంటే నీళ్లే దారిస్తాయే!" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. అది పుస్తకంలో లేదు, నా సొంత పైత్యం. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ముసురు పట్టింది. శనివారం పొద్దున ఆ లైబ్రరీ గుంట (ఆడపిల్లని మా వైపు గుంట అంటారు) హెచ్.ఎం. మేడం గది ముందు నిలబడి ఉంది. నేనూ అక్కడే ఉన్నాను.

"రేపు మా ఊళ్లో కొర్ర కొత్త మేడం. ఒక్క రోజుకి ఎల్లొచ్చేత్తాను."

కొత్తగా పండిన కొర్రలు వండి, దేవతకి పెట్టి, ఇంటిల్లిపాదీ కలిసి తినే పండగ అది. అంతవరకూ కొత్త గింజ నోట పెట్టరు. "నానెల్లకపోతే మా అమ్మమ్మ ముట్టదు మేడం. పోయినేడు కూడా నా కోసరం ఆగిపోనాది" అంది.

హెచ్.ఎం. మేడం చెడ్డ మనిషి కాదు, కానీ కాగితం మనిషి, అన్నీ రూలు ప్రకారమే. "గెడ్డ పొంగిందట. మీ నాన్న వచ్చి తీసుకెళ్తే పంపిస్తాను. ఒక్కదాన్నే పంపను" అంది. నేనూ తల ఊపాను. వాళ్ల నాన్న రావాలన్నా ఆ గెడ్డే దాటాలని మాకిద్దరికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. వంట అక్క స్టాఫ్ రూములోకి వచ్చింది. చేతిలో ఒక స్టీలు పళ్లెం. "ఒక పళ్లెం పొడిగా ఉండిపోనాదమ్మా. లైబ్రరీ గుంటది" అంది.

గదుల్లో లేదు. స్నానాల గదుల్లో లేదు. దాని పక్క మంచం పిల్లని గద్దిస్తే, టిఫిను తిన్నాక మరి కనపళ్లేదంది. నాకెందుకో బీరువా తెరవాలనిపించింది. తెరిచాను. పుస్తకం లేదు. అది ఉండే చోట నా నల్లక్లిప్పు ఒక్కటే ఉంది.

చేతులు బారచాపి హాల్లో నేను ఈదడం కళ్లకి కట్టింది. ధైర్యం ఉంటే నీళ్లే దారిస్తాయి. భగవంతుడా, ఎంత మాటన్నాను! పిల్ల పుస్తకం చంకన పెట్టుకుని మరీ గెడ్డకి వెళ్లింది.

హెచ్.ఎం. మేడం ఫోన్ పట్టుకుని సిగ్నల్ దొరికే గుట్టమీదికి పరుగెత్తింది. వాచ్‌మన్ సంతకి పోయాడు. వంట అక్కా నేనూ గెడ్డ దారి పట్టాం. సన్నటి వాన. కాఫీ తోటల మధ్యనుంచి జారుడు బాట. మంచు దిగి పది అడుగుల అవతల మనిషి కనపడటం లేదు. నేను రెండుసార్లు పడ్డాను. అక్క నన్ను లేపుతూ, "బేగి రామ్మా, బేగి" అంటోందే గాని ఆవిడ కాళ్లూ జారుతూనే ఉన్నాయి. గెడ్డ ఇంకా కనపడకముందే దాని హోరు వినపడింది.

నాకొక పాత సంగతి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముంచింగిపుట్టు వైపు ఉండగా, సంతనుంచి వెళ్తూ ఒకామె గెడ్డ దాటబోయి కొట్టుకుపోయింది. జనంతోపాటు నేనూ వెళ్లాను. ఒడ్డున ఆమె చెప్పులు విడిచి ఉన్నాయి, పక్కపక్కనే. అవే దొరికాయి. అప్పటినుంచి నీళ్ల పక్కన విడిచిన చెప్పులు ఎక్కడ కనపడినా నేను ముఖం తిప్పేసుకుంటాను.

రేవు దగ్గరికి వచ్చేసరికి మంచు కాస్త విడింది. ఎర్రటి నీళ్లు, కొమ్మలూ దుంగలూ తోసుకుంటూ పోతున్నాయి. అంచున, బురదలో, నీలం రంగు హవాయి చెప్పులు. పక్కపక్కనే, వేళ్లు నీళ్లవైపు. ఒక్కోదాని మీద ఒక్కో రాయి.

వంట అక్క కూలబడిపోయింది. "ఓలమ్మో! ఎల్లిపోనాదమ్మా గుంట! తల్లికి ఏటి సెప్తామమ్మా!" అని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆ చెప్పుల దగ్గరికి వెళ్లలేక, వాటినుంచి చూపు తిప్పుకోలేక అలా నిలబడ్డాను. ఇది నేను చేసిన పనే, నేనే తోశాను అని ఒక్కటే మాట బుర్రలో తిరుగుతోంది. రాళ్లు ఎందుకు పెట్టిందో ఆలోచించే తెలివి లేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

"మేడం!"

పైనుంచి వినపడింది. ఒడ్డుకి ఎగువన వాలులో కొర్ర చేను, చేలో పిట్టల కాపలాకి కట్టిన మంచె. మంచెమీదినుంచి ఆ పిల్ల తల బయటికి పెట్టి చూస్తోంది.

ఎలా ఎక్కానో ఆ గట్టు, నాకు గుర్తులేదు. అది మంచె దిగి వచ్చేసరికి వీపుమీద ఒక్కటిచ్చాను. తరవాత దాన్ని పట్టుకుని ఏడ్చాను. అది తడిసి ముద్దయింది. పుస్తకం మాత్రం పాలిథిన్ కవర్లో చుట్టి గుండెలకి హత్తుకుని ఉంది.

"నాను దిగనేదు మేడం. నిజంగా. దిగనేదు."

"మరి చెప్పులేటే అక్కడ? చచ్చిపోయావనుకున్నాం!" అరిచాను.

"నీళ్లు సూడ్డానికి పెట్టేను మేడం." నావైపు వింతగా చూసింది. "పుస్తకంలో ఆవిడ పెట్టింది కదా. నీళ్ల అంచుకి మూరెడు దూరంలో సెప్పులు పెట్టి, కదలకండా రాళ్లెట్టి కూకున్నాది. సెప్పుల్ని నీళ్లు అందుకుంటే ఎనక్కి ఎల్లిపోడం. మూడు మూరలు కిందకి నీళ్లు లాగితే అప్పుడు దిగడం. మూడు రోజులు కూకున్నాది కదా మేడం. నాను పొద్దున్న పెట్టేను. సెప్పుల్ని అందుకోనేదు గాని, నీళ్లు లాగనేదు. సీకటి పడకముందే వచ్చీద్దునే."

నేను కిందికి, ఆ చెప్పులవైపు చూశాను.

"అవతలొడ్డుకి మా నాన్న కూడా వచ్చినాడు. దిగొద్దని సెయ్యూపినాడు. నానూ ఊపినాను. ఎల్లిపోనాడు." కవర్లోని పుస్తకం చూపిస్తూ, "క్లిప్పెట్టిన పేజీల్లో ఉన్నాదంతా. మీరు సదవనేదా మేడం?" అంది.

వంట అక్క కళ్లు తుడుచుకుంటూ మా ఇద్దరినీ చూస్తోంది.

"చదివాను. చదవకేం?" అన్నాను.

ఆ గుంట నమ్మలేదు. ముఖం చూస్తే తెలిసిపోయింది.

ఇంకో భయం అప్పుడు మొదలైంది. హెచ్.ఎం. మేడం ఆ రాత్రికి నిర్ణయించేసింది. "దీన్ని ఉంచితే రేపు నలభైమంది గెడ్డకి పోతారు. టీసీ ఇచ్చి ఇంటికి పంపేస్తాను. ఆ పుస్తకం కూడా మూలన పడెయ్యండి, అదే చెడగొట్టింది." టీసీ చేతికిస్తే ఆ పిల్ల మళ్లీ ఇంకో బడి ముఖం చూడదని నాకు తెలుసు. ఆ ఊళ్లోంచి తొమ్మిది దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అది. అసలు చెడగొట్టింది నేనని చెప్పాలి. చెప్పలేకపోయాను. పెన్షన్ గుర్తొచ్చింది, పేపర్లో పేరు పడుతుందేమో అనిపించింది. ఆ రాత్రి మేడంతో గట్టిగా అనగలిగింది ఒక్కటే. "పంపే ముందు ఆ పుస్తకంలో ఏముందో మీరొకసారి వినండి మేడం. రేపు స్టడీ అవర్‌కి రండి."

సోమవారం సాయంత్రం మేడం కుర్చీ వేసుకుని కూచుంది. చేతిలో ఫైలు. అందులో టీసీ ఫారం ఉందని నాకు తెలుసు. నేను పుస్తకం తీసి, ఆ పిల్లనే పిలిచి చేతికిచ్చాను. "వదిలేసిన పేజీలు చదువు" అన్నాను.

చదివింది. మెల్లగా, వేలు పెట్టుకుని. నదిదగ్గర ఆవిడ మొదటిరోజు దిగబోయి, మోకాళ్లలోతులోనే పట్టుతప్పి, భయపడి వెనక్కి వచ్చేసింది. తనని తాను తిట్టుకుంది. తరవాత చెప్పులు విప్పి అంచున పెట్టింది. ఆకలికి ఏవో కాయలు తిని వాంతి చేసుకుంది. రెండోరోజు నెల వచ్చింది. చొక్కా అంచు చింపుకుంది. అది వినగానే వెనక వరుసలో ఆ రోజు ప్రశ్న అడిగిన పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను. మూడోరోజు కూడా చెప్పులు చూస్తూ కూచుంది. తమ్ముడు అవతల ఉన్నాడు, పరుగెత్తాలని ఉంది, అయినా కూచుంది. ఒక్క పిల్ల ఆవలించలేదు. నాలుగోరోజు పొద్దున నీళ్లు మూడు మూరలు దిగాయి అని చదవగానే హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలారు.

గుమ్మంలోంచి వంట అక్క గొంతు వచ్చింది. "అయితే మేడమ్మా, ఆ సెప్పులు సూసి మనం ఏడవక్కర్లేదా? సెప్పులుంటే గుంట ఉన్నట్టేనా? నువ్వు ముందే సదివీసినావు కదా, నాకో మాట సెప్పలేకపోనావా? నా గుండాగిపోనాది కదమ్మా!"

ఎగతాళి కాదది. నిజంగానే అడుగుతోంది. పిల్లలందరూ నావైపు తిరిగారు. ఆ గుంట ఒక్కతే పుస్తకంలోంచి తల ఎత్తలేదు, నన్ను కాపాడుతున్నట్టు. అదే నన్ను లేపింది.

"చదవలేదక్కా" అన్నాను. "బోరని క్లిప్పు పెట్టేశాను. చదవకుండానే వదిలేశాను. ధైర్యం ఉంటే నీళ్లు దారిస్తాయని ఈ పిల్లతో నేనే అన్నాను. అది పుస్తకంలో లేదు. ఇది నా మాట వినుంటే నిన్న కొట్టుకుపోయేది. ఆ పేజీలు చదివింది గనక ఒడ్డున కూచుంది." హెచ్.ఎం. మేడంవైపు తిరిగాను. "టీసీ రాస్తే నాకు రాయండి మేడం."

మేడం ఫైల్లోని టీసీ ఫారం ఒకసారి చూసింది. తరవాత ఫైలు మూసి, "ఆ నాలుగోరోజు మిగతా సంగతి కూడా చదివెయ్యవే, ఎందుకు ఆపావు?" అంది ఆ పిల్లతో. పిల్ల చదివింది.

బుధవారానికి గెడ్డ దిగింది. వాళ్ల నాన్న వచ్చి పిల్లని తీసుకెళ్లాడు. అమ్మమ్మ అంతవరకూ కొత్త ముట్టలేదట. గురువారం సాయంత్రానికి తిరిగొచ్చింది, ఆకులో కట్టిన కొర్రన్నం తెచ్చింది, వంట అక్కకీ నాకూ. దాని పేరు రిజిస్టర్లో ఉన్నచోటే ఉండిపోయింది. పది పాసై వెళ్లింది.

నాకు మాత్రం మెమో వచ్చింది. కాగితం మనిషి కదా, ఊరుకుంటుందా! "పుస్తకమును పూర్తిగా చదవకుండా విద్యార్థినులకు బోధించినందుకు" అని రాసి సంతకం పెట్టింది. నా సర్వీసంతటికీ అదొక్కటే మెమో. అందరూ సన్మానం శాలువాలు దాచుకుంటారు, నేను దాన్ని దాచుకున్నాను. జడక్లిప్పు నా దగ్గర లేదు. ఆ సోమవారం పేజీ గుర్తుకి మళ్లీ పెట్టాను, పుస్తకంతోపాటు ఆ గుంట చేతిలోకి వెళ్లింది. తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు.